అందరూ వద్దనే సలహాలు: లోటస్ 49 మోడల్ కట్టేవారికి

స్కేల్ మోడళ్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లు కొత్తవాళ్లకు ఇచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. చిన్న కిట్‌తో మొదలుపెట్టు. బాడీకి ముందే రంగు వేసెయ్యి, ఆరడానికి రోజులు పడుతుంది. కనిపించని చోట శ్రమ పడకు. పైన క్లియర్ కోటు కొట్టి మెరిపించు. అయిపోయాక గాజు పెట్టెలో పెట్టి పిల్లలకు అందకుండా చూసుకో. ఇవన్నీ అనుభవంతో చెప్పిన మాటలే, చెప్పేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. అయినా పాత రేసు కారు కట్టాలనుకునేవాళ్లు వీటిలో ఒక్కటి కూడా పాటించకూడదన్నది నా గట్టి నమ్మకం. ఈ పద్ధతి తలకిందులని అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అననివ్వండి.

దీనికి కారణం రేసు కారు స్వభావంలోనే ఉంది. ఇంటి ముందు నిలబెట్టుకునే కారు కొన్ననాటి నుంచి అమ్మేనాటి దాకా ఒకే కారు. రేసు కారు అలా కాదు. ఈ ఆదివారం పందెంలో పరిగెత్తిన కారును వచ్చే పందెం నాటికి విప్పి, మార్చి, మళ్లీ బిగిస్తారు. గొట్టం దారి మారుతుంది, అద్దం మారుతుంది, అంకె మారుతుంది, ఒక్కోసారి రంగే మారిపోతుంది. అందుకని ‘నేను లోటస్ 49 కడుతున్నాను’ అంటే సగం మాటే అవుతుంది. ఏ రోజు లోటస్ 49 అన్నది తేలితేనే మాట పూర్తవుతుంది.

ముందు తేదీ, తర్వాతే కిట్

కిట్ కొనకముందే తేదీ ఖాయం చేసుకోండి. మిగిలిన సలహాలన్నీ ఈ ఒక్కదాని నుంచే పుట్టాయి.

లోటస్ 49నే తీసుకోండి. కాలిన్ చాప్‌మన్, మోరిస్ ఫిలిప్ డిజైన్ చేసిన ఈ కారు 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో మొదటి పందెం ఆడింది. ఆకుపచ్చ ఒళ్లు, మధ్యలో పసుపు చార. 5వ నంబరు జిమ్ క్లార్క్‌ది, 6వ నంబరు గ్రాహం హిల్‌ది. 1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలోని క్యాలమీలో క్లార్క్ తన ఆఖరి గ్రాండ్ ప్రీ గెలిచినప్పుడూ కారు ఆకుపచ్చే. అదే ఏడు మే నెలలో స్పెయిన్ పందానికి వచ్చేసరికి సిగరెట్ కంపెనీ డబ్బుతో ఎరుపు, తెలుపు, బంగారు రంగులు ఎక్కాయి. ఆ నెలలోనే మొనాకోలో ముక్కుకు చిన్న రెక్కలు వచ్చాయి. ఏడాది తిరక్కుండానే స్తంభాల మీద ఎత్తయిన రెక్కలు నిలబడ్డాయి. 1969 మొనాకోలో వాటిని నిషేధించారు. 1970లో అదే మొనాకోలో యోహెన్ రింట్ ఈ కారుతోనే గెలిచాడు. నాలుగేళ్లలో పేరు ఒక్కటే, కార్లు ఎన్నో.

పెట్టె మీది బొమ్మ చూసి కిట్ కొంటే, ఏ రోజూ ఎక్కడా లేని కారు తయారవుతుంది. ఒక రోజు రేడియేటర్ ముక్కు, ఇంకో రోజు అద్దాలు, మరో రోజు అంకె. కిట్లు చేసేవాళ్లను తప్పుపట్టడం లేదు. ఒకే అచ్చుతో మూడు నాలుగు రకాల కార్లు అమ్ముకోవాలి వాళ్లు. ఏ రోజు కారో తేల్చుకోవాల్సిన పని మాత్రం మనది.

నేను కట్టమనే తేదీ 1967 జూన్ 4. ఆ పందెం వారాంతం దాకా క్లార్క్‌కు ఈ కారుతో పరిచయమే లేదు. పన్నుల కారణంగా అతను బ్రిటన్‌కు దూరంగా ఉంటున్నాడు. స్నెటర్టన్‌లో కారును పరీక్షించింది హిల్. పందెంలో ముందు వరసలో మొదటి స్థానమూ హిల్‌దే. మొదట ఆధిక్యంలో ఉన్నదీ అతనే, కానీ ఇంజిన్‌లో టైమింగ్ గేర్ పళ్లు పోయి పదకొండో ల్యాప్‌లో ఆగిపోయాడు. ఎనిమిదో స్థానం నుంచి బయల్దేరిన క్లార్క్ పదహారో ల్యాప్‌కు అందరినీ దాటి, 90 ల్యాప్‌లు పూర్తిచేసి గెలిచాడు. కొత్త కారు, కొత్త ఇంజిన్, మొదటి పందెంలోనే గెలుపు. ఆ ఇంజిన్, అంటే కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, 1983 దాకా 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది. ఆ లెక్కలో మొదటిది ఆ రోజుదే.

ఇంత కథ ఉన్న తేదీ ఎంచుకుంటే ఏడాదిపాటు చేతులు అలసినా మనసు విసగదు. చిన్న కిట్‌తో మొదలుపెట్టమన్న సలహాకు నా జవాబు ఇదే. మనసు పడని కారుతో చెయ్యి సాధన చేయలేరు. రెండో వారానికే పెట్టె అటక మీదికి వెళ్తుంది.

మిగలని కారును వెతుక్కోండి

ఇది ఇంకా తలకిందుల సలహా. మ్యూజియంలో ఉన్న కారును చూసి కట్టమంటారు అందరూ. నేను మ్యూజియం కారును నమ్మవద్దంటాను. దశాబ్దాలుగా చేతులు మారి, మరమ్మతులై, కొత్త రంగు వేసుకుని, నేటి భద్రతా నియమాలకు తగ్గట్టు కొత్త బెల్టులు, కొత్త గొట్టాలు బిగించుకున్న కారు అది. మెరుగుపెట్టిన ఆ అల్యూమినియం 1967లో అంత మెరవలేదు.

పాత ఫోటో మాత్రం ఆ రోజునే నిలిచిపోయింది. అందుకే అసలు మిగలని కార్లు మోడల్‌కు బాగా కుదురుతాయి. 1927 సెప్టెంబరులో మోంజాలో జరిగిన మిలాన్ గ్రాండ్ ప్రీలో పియెత్రో బోర్దినో ఫియట్ 806 నడిపి గెలిచాడు. పన్నెండు సిలిండర్లు, పక్కపక్కనే రెండు క్రాంక్ షాఫ్టులు, లీటరున్నర ఇంజిన్. ఆ కారు ఆడింది ఆ ఒక్క రోజే. తర్వాత ఫియట్ రేసుల నుంచి తప్పుకుంది, కారును ధ్వంసం చేయించింది. ఈ కారుకు 1/12 స్కేలులో కిట్ ఉంది. దాన్ని కట్టేవారికి తేదీ ఎంచుకునే బెడద కూడా లేదు. కొంచెం చెయ్యి కుదిరాక దీన్ని ప్రయత్నించండి.

లోటస్‌కు వద్దాం. ఫోటోల్లో రంగువాటి కంటే నలుపు తెలుపు వాటిని ఎక్కువ సేకరించండి. ఆనాటి కలర్ ఫిల్ములు, అచ్చులు ఏళ్లు గడిచి ఆకుపచ్చను నీలానికో గోధుమకో లాగేశాయి. నలుపు తెలుపు ఫోటో రంగు చెప్పదు కానీ మెరుపు చెబుతుంది, వంపు చెబుతుంది, రివెట్ల వరస చెబుతుంది.

ఇక్కడ నేను అందరికీ చెప్పే ఒక ఉపాయం ఉంది. మోడల్ కడుతున్నంత కాలం ఫోన్‌తో నలుపు తెలుపు ఫోటోలు తీస్తూ, పాత ఫోటో పక్కన పెట్టి చూసుకోండి. ఫోన్ ఎంత దూరంలో ఉండాలో లెక్క వేయండి. పాత ఫోటో తీసినవాడు కారుకు అయిదు మీటర్ల దూరంలో నిలబడ్డాడనుకుందాం. 1/12 మోడల్‌కు అది 42 సెంటీమీటర్లు. మనిషి కంటి ఎత్తు సుమారు మీటరున్నర పైచిలుకు, అంటే ఫోన్ లెన్సు బల్ల మీది నుంచి 13 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఈ దూరం, ఈ ఎత్తు పాటించి తీసిన ఫోటో అబద్ధం చెప్పదు. కారు నేల నుంచి ఎత్తుగా నిలబడితే వెంటనే పట్టిస్తుంది. చాలా కిట్ కార్లు చక్రాల మీద ఎత్తుగా ఉంటాయి. 1/12లో ఒక్క మిల్లీమీటరు ఎత్తు పెరిగితే అసలు కారు 12 మిల్లీమీటర్లు లేచినట్టే.

ఇంజిన్‌తో మొదలుపెట్టండి, బాడీ ఆఖరున

కిట్‌లో వచ్చే కాగితం ఏ వరసలో చెప్పినా సరే, బాడీకి ముందు రంగు వేయమని ఎవరు చెప్పినా సరే, లోటస్ 49కి ఇంజిన్‌తోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఈ కారులో డ్రైవర్ వీపు వెనక చట్రం లేదు. డ్రైవర్ కూర్చునే అల్యూమినియం తొట్టి అక్కడితో ముగిసిపోతుంది. దానికి ఇంజిన్‌ను నేరుగా బిగించారు. వెనక సస్పెన్షన్, గేర్ బాక్సు, చక్రాలు అన్నీ ఇంజిన్‌కు వేలాడతాయి. ఇంజిన్ ఒక పిసరు వంకరగా కూర్చుంటే వెనక రెండు చక్రాలూ వంకర పోతాయి. బాడీ ఎంత అందంగా వచ్చినా ఆ తప్పు దాగదు.

ఈ ఇంజిన్ డిజైనర్ కీత్ డక్‌వర్త్ దాన్ని తొట్టికి కట్టిన తీరు తెలుసుకుంటే మోడల్‌లో ఏం చేయాలో తెలిసిపోతుంది. కింద రెండు బోల్టులు. పైన, రెండు సిలిండర్ వరసల దగ్గర, పలచని రేకు పట్టీలు. ఇంజిన్ వేడెక్కి వెడల్పు పెరిగినప్పుడు ఆ పట్టీలు కాస్త వంగి చోటిస్తాయి. బరువంతా ఆ నాలుగు చోట్లే మోస్తాయి.

మోడల్‌లోనూ అంతే చేయండి. జిగురు వాడకండి. కళ్లజోళ్ల షాపులో ఫ్రేము కాళ్లకు బిగించే చిన్న మరలు అడిగితే ఇస్తారు. కింద రెండు మరలు, పైన రేకు పట్టీలు రెండు. ప్లాస్టిక్‌లో రంధ్రం వేసేటప్పుడు చేతి డ్రిల్లే వాడాలి. మోటార్ డ్రిల్లు వేడికి ప్లాస్టిక్ కరిగి రంధ్రం వదులైపోతుంది. ఇలా బిగించాక కారును అద్దం పలక మీద పెట్టండి. ఒక్కో చక్రం కిందికి చిన్న కాగితం ముక్క తోసి చూడండి. నాలుగు చోట్లా కాగితం ఒకేలా ఆగాలి. ఎక్కడైనా లోపలికి జారిపోతే ఆ చక్రం గాలిలో ఉన్నట్టే. మర వదులు చేసి సరిదిద్దుకోవచ్చు. జిగురైతే ఆ అవకాశం ఉండదు.

ప్లగ్గు తీగల కోసం హాబీ షాపుకు వెళ్లకండి. విదేశాల నుంచి తెప్పించిన రెండు మీటర్ల తీగకు వందలు పోయడం ఎందుకు? మోటార్ వైండింగ్ చేసే షాపు ప్రతి ఊళ్లోనూ ఉంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటైతే వీధికొకటి. కాలిపోయిన మోటార్ నుంచి విప్పిన పాత రాగి చుట్టలు ఒక మూల పడి ఉంటాయి. అసలు కారులో ప్లగ్గు తీగ మందం 7 మిల్లీమీటర్లు అనుకుంటే 1/12లో 0.58 అవుతుంది. వైండింగ్ లెక్కలో 24 గేజి తీగ 0.56. ఈ కొంచెం తేడా కంటికి తెలియదు. 1/20 కిట్ అయితే 0.35 కావాలి, 29 గేజి తీసుకోండి. 

“24 గేజి కొంచెం కావాలి బాబాయ్.”

“ఎన్ని కేజీలు?”

“మూరెడు చాలు.”

ఇంత చిన్న బేరానికి ఎవరూ డబ్బు తీసుకోరు. ఎందుకని అడుగుతారు, చెప్పండి. మోటార్లతో పని చేసేవాళ్లకు ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ బొమ్మ చూపిస్తే కళ్లు వెలుగుతాయి. తీగ ఏ వైపు వంగాలో వాళ్లు చెప్పే మాట వినండి. నిజం తీగ తన బరువుకు ఎలా వాలుతుందో వాళ్లకు రోజూ తెలిసే సంగతి. రాగి తీగ వంచినచోట నిలుస్తుంది కాబట్టి, గీత గీసినట్టు నిటారుగా పెట్టేయకుండా ఆ వాలు తీసుకురావాలి.

పొగ గొట్టాల మీద నీలం, ఊదా, బంగారు రంగుల ఇంద్రధనుస్సు వేయడం ఇప్పుడు మోడళ్లలో పెద్ద ఫ్యాషన్. అది మానేయండి. ఫోటోలు చూడండి. బూడిద రంగుకూ గోధుమ రంగుకూ మధ్య, కాలి మొద్దుబారిన ఉక్కు కనిపిస్తుంది. ఫోటోలో లేని రంగు మోడల్ మీద ఉండకూడదు.

కనిపించని చోటే ఎక్కువ కష్టపడండి

‘ఎవరు చూస్తారు’ అన్న మాట మోడల్ కట్టేవాళ్లలో ఎక్కువగా వినబడుతుంది. ఆ మాట పెద్ద చెరుపు చేసింది. గొట్టం ఎక్కడో మొదలై ఎక్కడో ముగియాలి. బాడీ కింద మొదలే లేని గొట్టం బయట కనిపించే చోట కూడా తేడాగా ఉంటుంది. ఎందుకు తేడాగా ఉందో చూసేవాళ్లు చెప్పలేరు, అయినా వాళ్ల చూపు అక్కడ నిలవదు. బ్రేకు పెడల్ నుంచి బయల్దేరిన గొట్టం ముందు చక్రం దాకా నిజంగా వెళ్లాలి. పెడళ్లు ముక్కు లోపల చీకట్లో ఉంటాయని వదిలేయవద్దు.

ఇక తొట్టి అంచులు. ఈ కారు కట్టేవాళ్లు మిగతావన్నీ వదిలేసినా ఇది ఒక్కటి చేయాలని నా కోరిక. లోటస్ 49 తొట్టిని 18 గేజి అల్యూమినియం రేకుతో చేశారు. అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. 1/12లో అది 0.1 మిల్లీమీటరు. కిట్ ప్లాస్టిక్ గోడ మందం ఒక మిల్లీమీటరు అనుకున్నా, అసలు కారులో అది 12 మిల్లీమీటర్ల దిమ్మె అంత. క్లార్క్ కూర్చున్న చోటు అంచు చూస్తే పలుచని రేకు కనబడాలి. కిట్‌లో కుండ అంచు కనబడుతుంది.

దీనికి మందు కూల్‌డ్రింక్ క్యాను. దాని గోడ మందం సరిగ్గా 0.1 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. పైనా కిందా కత్తిరించి, మధ్య రేకును చదును చేసి, బయటి రంగును, లోపలి పూతను నీటిలో తడిపిన ఎమరీ కాగితంతో గీకేయండి. చేతులకు తొడుగులు ఉండాలి, అంచు బ్లేడు లాగా కోస్తుంది. ఆ రేకు బిరుసుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. అందుకని కాస్త సబ్బు రాసి, గ్యాసు మంటకు చాలా ఎత్తులో అటూ ఇటూ తిప్పుతూ వేడి చేయండి. సబ్బు ముదురు గోధుమ రంగుకు తిరగగానే తీసేయండి. చల్లారాక కడిగితే రేకు మెత్తబడి ఉంటుంది, చెప్పిన వంపు తిరుగుతుంది. ఒక్క క్షణం ఎక్కువైతే పలచని రేకు కరిగి చిల్లు పడుతుంది, కాబట్టి చూపు పక్కకు తిప్పవద్దు.

మెత్తబడిన రేకును పాత మౌస్ ప్యాడ్ మీద బోర్లా వేసి, వెనక వైపు నుంచి మొద్దుబారిన సూదితో నొక్కితే ముందు వైపు రివెట్ తల లేస్తుంది. స్కేలు పక్కన ఆనించి, సమ దూరంలో ఒక్కొక్కటిగా నొక్కండి. రివెట్ తల అసలు కారులో ఆరు మిల్లీమీటర్లయితే ఇక్కడ అర మిల్లీమీటరు. ఫోటోలో ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి. ఈ రేకును ఎపాక్సీతో తొట్టి అంచు మీద కప్పి, లోపలికి మడిచి, గోటితో రుద్దండి. ఎండ పడినప్పుడు ఆ అంచు మీద పడే సన్నని వెలుగు గీత ప్లాస్టిక్ మీద ఎప్పటికీ రాదు.

టమియా కంపెనీ 1976లో పోర్షే 934 కిట్ తెచ్చేటప్పుడు షున్‌సాకు టమియా నిజం పోర్షే 911ను కొని, కొలతల కోసం మొత్తం విప్పించాడు. మళ్లీ బిగించడానికి పోర్షే మనుషులు రావాల్సి వచ్చింది. కనిపించని భాగాల కోసం ఒక కంపెనీ అంత ఖర్చు పెట్టింది. మనం ఒక క్యాను కత్తిరించడానికి వెనకాడకూడదు.

మెరిపించకండి

పోటీల్లో బహుమతులు తెచ్చుకునే మోడళ్లు అద్దంలా మెరుస్తాయి. లోటస్ 49 అలా మెరవలేదు. ముక్కు ఫైబర్ గ్లాసు, తొట్టి రివెట్లు కొట్టిన అల్యూమినియం. రెండింటి మీదా ఒకే ఆకుపచ్చ వేసినా వెలుగు ఒకేలా తిరగదు. ఫైబర్ మీద మెరుపు నునుపుగా పారుతుంది. రేకు మీద రివెట్ల చుట్టూ చిన్న చిన్న అలలుగా విరుగుతుంది. ఆ పైన మందంగా క్లియర్ కోటు కొడితే రెండూ ఒకటైపోతాయి, కష్టపడి లేపిన రివెట్లు మునిగిపోతాయి. కాబట్టి క్లియర్ కోటు వద్దు. రంగు ఆరాక మెత్తని బనీను గుడ్డతో, ముక్కును కాస్త ఎక్కువగా, తొట్టిని కాస్త తక్కువగా రుద్దండి చాలు.

‘బ్రిటిష్ రేసింగ్ గ్రీన్’ అని సీసా మీద రాసి ఉన్న రంగును అలాగే వాడకండి. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా, దాదాపు నల్లగా కనిపిస్తుంది. కొన్ని చుక్కల పసుపు, ఇంకా కొద్దిగా తెలుపు కలపండి. కలిపేటప్పుడు ట్యూబ్‌లైటు కింద చూడకండి, వరండాలోకి తీసుకెళ్లి పగటి వెలుగులో చూడండి. కోడ్ నంబర్ల పట్టికలు పక్కన పెట్టండి.

మన కోస్తాలో వర్షాకాలం లక్కర్ రంగులు వేయకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే పూత తెల్లబారుతుంది. మే నెల మధ్యాహ్నం వేస్తే రంగు గాలిలోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిపోయాక, ఎండ ముదరకముందు వేయండి. తెలంగాణలో పొడి ఎక్కువ కాబట్టి కాస్త వెసులుబాటు ఉంది. గాలి బాగా ఆడే చోటు, ముఖానికి రసాయనాల ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో అందరి సలహా, నా సలహా ఒకటే.

మురికి ఫోటో చెప్పిన చోటే

మోడల్‌కు పాతదనం తేవడానికి నల్ల రంగు నీళ్లు ఒళ్లంతా పులమడం ఒక అలవాటు. అది గోడౌనులో పడి ఉన్న కారుకు పనికొస్తుంది. జాండ్‌వూర్ట్ ఉత్తర సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఉన్న ట్రాక్. గాలి వీస్తే ఇసుక రోడ్డు మీదికి వస్తుంది. ముందు కారు చక్రాలు ఆ ఇసుకను వెనక కారు ముక్కు మీదికి చిమ్ముతాయి. కాబట్టి పందెం అయ్యాక ముక్కు కొన, సస్పెన్షన్ చేతుల ముందు అంచులు కాస్త మసకబారి ఉంటాయి. నూనె మరకలు వెనక, గేర్ బాక్సు దగ్గర. గీతలన్నీ గాలి పోయే దిక్కునే, ముందు నుంచి వెనక్కి. పక్కకు వెళ్లిన గీత ఒక్కటి ఉన్నా కారు పరిగెత్తినట్టు అనిపించదు.

పందేనికి ముందా, తర్వాతా అన్నది కూడా ఇక్కడ తేల్చుకోవాలి. ముందైతే ఫైర్‌స్టోన్ టైర్ల మీద గాడి నిండుగా ఉండాలి. తర్వాతైతే మధ్య భాగాన్ని ఎమరీ కాగితంతో మెల్లిగా అరగదీయాలి. శుభ్రమైన ముక్కుతో అరిగిన టైర్లు పెట్టడం కుదరదు.

అంకె డికాల్‌ను స్కేలు పెట్టి నడిమధ్యలో అతికించాలని చూడకండి. అసలు కారు మీద మెకానిక్ చేత్తో అతికించాడు. ఫోటోలో ఎటు ఒరిగితే అటే ఒరగనివ్వండి.

పిల్లల చేతికివ్వండి

కట్టడం పూర్తయ్యాక గాజు పెట్టె చేయించకండి. మా మేనల్లుడు మొదటిసారి చూసినప్పుడు అడిగిన మాట “మావయ్యా, ఇంజిన్ ఊడొస్తుందా?” అని. వస్తుంది. మరలు విప్పితే వస్తుంది. వాడే విప్పాడు, నేను స్క్రూడ్రైవర్ మాత్రం ఇచ్చాను. నిజం కారులో ఇంజిన్ ఎలా దిగిందో మాటలతో చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

పిల్లలు ముట్టుకుంటే విరుగుతుందని భయపడేవాళ్లు జిగురు మీద ఆధారపడ్డవాళ్లు. సస్పెన్షన్ చేతుల చివర్లకు అర మిల్లీమీటరు ఇత్తడి తీగతో కీలు పెట్టి, ఆ కీలు మీద జిగురు చుక్క వేయండి. గొట్టాల చివర్లు రంధ్రంలో దిగి ఉండాలి, పైన అతికి ఉండకూడదు. ఇలా కట్టిన మోడల్ ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతిలో నిలుస్తుంది. నిలవకపోతే ఊడిన ముక్క ఎక్కడ కీలు లేదో చూపిస్తుంది, సాయంత్రం కూర్చుని అక్కడ కీలు పెట్టండి. ఈ పరీక్ష చేసే పిల్లలను మించిన న్యాయనిర్ణేత ఏ పోటీలోనూ లేడు.

షెల్ఫ్ మీద పెట్టేటప్పుడు నడుము ఎత్తులో పెట్టకండి. అలా పెడితే పైనుంచి, హెలికాప్టర్ ఎక్కి చూసినట్టు కనబడుతుంది. కూర్చున్న మనిషి కంటికి జానెడు లోపు కిందుగా ఉండాలి. అప్పుడే పిట్ లేన్‌లో నిలబడ్డ మనిషి చూసిన కారు కనబడుతుంది.

అటక మీద సగం కట్టిన కిట్ ఉన్నవాళ్లు తెలుగు నేల మీద చాలామందే ఉంటారు. ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టి మధ్యలో వదిలేసినవాళ్లు. అది ఏ కారైనా సరే, ఈ ఆదివారం దించండి. అతికించిన బాడీ ఉంటే నిదానంగా ఊడదీసి, ఏ తేదీ కారు కడుతున్నారో నిర్ణయించుకుని, ఇంజిన్ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. 24 గేజి తీగ ఉచితంగానే దొరుకుతుంది.